హైడ్రోజన్‌ను దాచే లోహాలు, హైడ్రైడ్ బ్యాటరీలు: అనంతపురంలో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పదార్థ రసాయన శాస్త్రంలో పనిచేస్తున్నాను. అనంతపురంలో ఉంటూ, శక్తిని నిల్వ చేసే హైడ్రైడ్ల మీద పరిశోధన చేస్తున్నాను. ఇక్కడున్న ప్రశ్నలు ఎం.ఎస్సీ పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, సోలార్ పార్కుల్లో పనిచేసే ఇంజనీర్లు, పొలంలో మోటారు ఉన్న బంధువులు అడిగినవే. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోతుంది. కొన్నిటికి సరిపోదు.

హైడ్రైడ్ అంటే ఏమిటి?

హైడ్రోజన్ ఒక లోహంతో కలిసి ఏర్పడే పదార్థం. మా పనికి మూడు రకాలు ముఖ్యం. సోడియం, కాల్షియం లాంటి లోహాలతో కలిసినప్పుడు హైడ్రోజన్ ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకుని రుణ అయాన్ అవుతుంది. ఇవి ఉప్పు స్వభావం ఉన్న పొడులు. పల్లాడియం, లాంథనం-నికెల్ మిశ్రలోహం లాంటి వాటిలో హైడ్రోజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోయి, లోహపు స్ఫటికంలోని ఖాళీల్లోకి చేరుతుంది. 1866లోనే థామస్ గ్రాహమ్ అనే రసాయన శాస్త్రవేత్త పల్లాడియం తన ఘనపరిమాణానికి వందల రెట్ల హైడ్రోజన్‌ను పీల్చుకోగలదని చూపించాడు. మూడో రకం సంక్లిష్ట హైడ్రైడ్లు. వీటిలో బోరాన్ చుట్టూనో అల్యూమినియం చుట్టూనో నాలుగు హైడ్రోజన్లు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటాయి, పక్కన లిథియమో సోడియమో ఉంటుంది. కాలేజీ ఆర్గానిక్ ల్యాబ్‌లో వాడే సోడియం బోరోహైడ్రైడ్ ఈ రకమే.

గ్యాస్‌ను సిలిండర్లో నింపుకోవచ్చు కదా, లోహంలో ఎందుకు?

హైడ్రోజన్ చాలా తేలిక. మామూలు పీడనంలో ఒక కిలో హైడ్రోజన్ పట్టాలంటే సుమారు 11 వేల లీటర్ల చోటు కావాలి. 700 బార్ పీడనానికి, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు 700 రెట్లకు, నొక్కితే అదే కిలో 25 లీటర్లలో ఇమిడిపోతుంది. ఇప్పుడు రోడ్డు మీదున్న హైడ్రోజన్ కార్లలో వాడేది ఈ పద్ధతే. మైనస్ 253 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మారిస్తే 14 లీటర్లు చాలు. మెగ్నీషియం హైడ్రైడ్‌లో అయితే తొమ్మిది లీటర్లే. అంటే ద్రవ హైడ్రోజన్ కంటే కూడా దగ్గర దగ్గరగా పరమాణువులు కూర్చుంటాయి, అదీ గది ఉష్ణోగ్రతలో, పెద్ద పీడనం లేకుండా.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ తొమ్మిది లీటర్ల లెక్క గట్టి స్ఫటికానికి వర్తిస్తుంది. ట్యాంకులో పోసేది పొడి కాబట్టి రేణువుల మధ్య ఖాళీ పోతుంది, వేడిని తెచ్చే గొట్టాలకు ఇంకొంత చోటు పోతుంది. పత్రికల్లో కనిపించే అంకెలు చాలావరకు పదార్థానికి సంబంధించినవి, ట్యాంకుకు సంబంధించినవి కావు. ఏ వార్త చదివినా ఈ తేడా చూసుకోండి.

అంత బాగుంటే బండ్లలో ఎందుకు రాలేదు?

దీనికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా రంగం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మొదటి అడ్డంకి బరువు. లాంథనం-నికెల్ మిశ్రలోహం గది ఉష్ణోగ్రతలో చక్కగా హైడ్రోజన్‌ను తీసుకుంటుంది, వదులుతుంది. కానీ దాని బరువులో హైడ్రోజన్ వాటా 1.4 శాతమే. ఒక కారుకు 5 కిలోల హైడ్రోజన్ కావాలనుకుంటే 350 కిలోలకు పైగా లోహాన్ని మోసుకు తిరగాలి. మెగ్నీషియం హైడ్రైడ్‌లో హైడ్రోజన్ 7.6 శాతం. అదే 5 కిలోలకు 66 కిలోల పదార్థం చాలు.

రెండోది వేడి. నా దృష్టిలో అసలు అడ్డంకి ఇదే. లోహం హైడ్రోజన్‌ను పట్టుకున్నప్పుడు వేడి బయటికి వస్తుంది. తిరిగి వదలాలంటే అంతే వేడిని మనం ఇవ్వాలి. బోరు సంగతి మనకు తెలిసిందే: నీళ్ళు ఎంత లోతులో ఉంటే మోటారు అంత కరెంటు తింటుంది. హైడ్రోజన్ కూడా లోహంలో ఎంత గట్టిగా బంధించబడి ఉంటే పైకి తేవడానికి అంత వేడి పడుతుంది. మెగ్నీషియం హైడ్రైడ్‌కు ఒక మోల్ హైడ్రోజన్‌కు, అంటే రెండు గ్రాములకు, సుమారు 75 కిలోజౌళ్ళు కావాలి. కిలో లెక్కన చూస్తే పది యూనిట్లు. ఆ కిలో హైడ్రోజన్‌లో ఉన్న శక్తే 33 యూనిట్లు. అంటే సుమారు మూడో వంతు, దాన్ని బయటికి రప్పించడానికే సరి. పైగా ఆ వేడి 300 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. కార్లలో హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్ 80 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, దాని నుంచి వృథాగా పోయే వేడి ఇక్కడ అక్కరకు రాదు.

లాంథనం-నికెల్‌కు ఒక మోల్‌కు 30 కిలోజౌళ్ళ పైచిలుకు చాలు. గోరువెచ్చని నీళ్ళ వేడితోనే పని జరిగిపోతుంది, కానీ బరువు ఎక్కువ. తేలికైనవి గట్టిగా పట్టుకుంటాయి, సులువుగా వదిలేవి బరువుగా ఉంటాయి. ఈ రెండిటి మధ్య సరైన పదార్థం కోసమే యాభై ఏళ్ళకు పైగా వెతుకులాట.

ఉత్ప్రేరకం కలిపితే ఆ వేడి తగ్గదా?

తగ్గదు. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఉత్ప్రేరకం వేగాన్ని పెంచుతుంది. మెగ్నీషియంలో కొద్దిగా నియోబియం ఆక్సైడ్ కలిపి బాల్ మిల్ అనే నూరే యంత్రంలో నూరితే, గంటలు పట్టే పని నిమిషాల్లో అయిపోతుంది. కానీ బోరు పోలికలో చెప్పాలంటే, నీటి మట్టం ఎక్కడుందో అక్కడే ఉంటుంది, పైపులో అడ్డు తొలగిందంతే. మట్టాన్నే పైకి తేవాలంటే చర్యనే మార్చాలి. లిథియం బోరోహైడ్రైడ్‌కు మెగ్నీషియం హైడ్రైడ్‌ను జోడిస్తే, హైడ్రోజన్ పోయాక బోరాన్ విడిగా మిగలకుండా మెగ్నీషియం బోరైడ్‌గా స్థిరపడుతుంది. చివర్లో ఏర్పడే పదార్థం స్థిరమైనది కాబట్టి మొత్తం మీద కావలసిన వేడి తగ్గుతుంది. మోల్‌కు సుమారు 25 కిలోజౌళ్ళు తగ్గిందని 2005లో చూపించారు.

అయినా ఉత్ప్రేరకాన్ని చిన్నచూపు చూడకూడదు. సోడియం అల్యూమినియం హైడ్రైడ్‌ను ఒకసారి హైడ్రోజన్ వదిలాక మళ్ళీ నింపడం సాధ్యమయ్యే పని కాదనుకునేవారు. 1997లో జర్మనీలో బొగ్డానోవిచ్, ష్విక్కార్డి అనే ఇద్దరు అందులో కొద్దిగా టైటానియం చేర్చి, అది తిరిగి నిండుతుందని చూపించారు. ఆ ఒక్క పరిశోధన పత్రంతో సంక్లిష్ట హైడ్రైడ్ల మీద ప్రపంచమంతా పని మొదలైంది.

ల్యాబ్‌లో మీరు రోజూ చేసేది ఏమిటి, మేడమ్?

ముందు గ్లవ్ బాక్స్. ఆర్గాన్ వాయువు నింపిన పెద్ద పెట్టె, దానికి రబ్బరు చేతి తొడుగులు. లోపల ఆక్సిజన్, తేమ రెండూ పది లక్షల్లో ఒక వంతు కంటే తక్కువ ఉండేలా చూసుకుంటాం. పొడుల్ని తూచడం, కలపడం, బాల్ మిల్ డబ్బాల్లో నింపడం అంతా అందులోనే. బాల్ మిల్‌లో ఉక్కు గోళాలు గంటల తరబడి పొడిని కొడతాయి. రేణువులు నానోమీటర్ల స్థాయికి నలిగిపోయి కొత్త ఉపరితలాలు బయటపడతాయి.

తర్వాత సివర్ట్స్ పరికరం. కొలత తెలిసిన పాత్రలో హైడ్రోజన్‌ను నింపి, నమూనా ఉన్న పాత్రలోకి వాల్వు తెరుస్తాం. పీడనం ఎంత పడిపోయిందో చూసి, పదార్థం ఎంత పీల్చుకుందో లెక్కగడతాం. ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఇలా మెట్టు మెట్టుగా కొలిస్తే వచ్చే గీతను పీసీటీ (పీడనం, కూర్పు, ఉష్ణోగ్రత) కర్వ్ అంటాం. అందులో మధ్యలో చదునుగా సాగే భాగం ఉంటుంది. అది ఏ పీడనం దగ్గర ఉందో చూస్తే ఆ పదార్థం ఎందుకు పనికొస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

వినడానికి తేలిక. కానీ గదిలో ఏసీ ఆగి ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు మారితే, గ్యాస్ పీడనం దానంతట అదే ఒక శాతం మారుతుంది. నమూనా అర గ్రాము ఉన్నప్పుడు ఆ ఒక్క శాతం, అసలు పీల్చుకున్న హైడ్రోజన్‌తో సమానంగా కనిపించవచ్చు. 1990ల చివర్లో కార్బన్ నానోట్యూబులు గది ఉష్ణోగ్రతలోనే బోలెడంత హైడ్రోజన్‌ను పట్టుకుంటాయని పెద్ద అంకెలు వచ్చాయి. తర్వాత ఇతర ల్యాబ్‌లు చేసి చూస్తే నిలబడలేదు. అందుకే మా ల్యాబ్‌లో కొత్త స్కాలర్ ముందు నేర్చుకునేది ఖాళీ పాత్రతో కొలవడం. ఏమీ లేని పాత్ర ఏమీ పీల్చుకోలేదని పరికరం చెప్పేవరకు నమూనాను ముట్టుకోనివ్వం.

మన ఎండలకు ఇవి తట్టుకుంటాయా?

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే. హైడ్రైడ్లకు ఆ ఎండ ఒకవైపు ఇబ్బంది, ఇంకోవైపు సాయం.

ఇబ్బంది ఏమిటంటే, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ హైడ్రైడ్ పైనుండే హైడ్రోజన్ పీడనం వేగంగా పెరుగుతుంది. లాంథనం-నికెల్ హైడ్రైడ్‌కు 25 డిగ్రీల దగ్గర సుమారు 2 బార్ ఉంటే, 45 డిగ్రీల దగ్గర 4 బార్ దాటుతుంది. పైగా నింపేటప్పుడు లోహమే వేడెక్కుతుంది. ఆ వేడిని తీసేయడానికి చల్లని నీళ్ళు కావాలి. ట్యాంకు నీళ్ళే మధ్యాహ్నానికి కాగిపోయే ఊళ్ళో ఎక్కడి నుంచి తెస్తాం? యూరప్ వాతావరణానికి తగ్గట్టు తయారుచేసిన మిశ్రలోహాన్ని తెచ్చి ఇక్కడ పెడితే వేసవిలో పూర్తిగా నిండకపోవచ్చు. మన ఎండకు సరిపడేలా కూర్పును మార్చాలి. లాంథనం-నికెల్‌లో నికెల్‌ను కొంత తీసి అల్యూమినియం చేరిస్తే పీడనం తగ్గుతుంది. ఇలాంటి పని ఇక్కడి ల్యాబ్‌లు చేయదగ్గది, చేయవలసింది.

ఇక సాయం. అదే మిశ్రలోహాన్ని 85 డిగ్రీలకు వేడి చేస్తే పీడనం 15 బార్ దాటుతుంది. మిద్దె మీద సోలార్ వాటర్ హీటర్ ఇచ్చే వేడితోనే ఇది సాధ్యం. రాత్రి చల్లబడినప్పుడు తక్కువ పీడనంలో నింపి, పగలు వేడి నీళ్ళతో ఎక్కువ పీడనంలో బయటికి తీయవచ్చు. పిస్టన్ లేదు, మోటారు లేదు. వీటిని హైడ్రైడ్ కంప్రెసర్లు అంటారు. ఐఐటీ మద్రాసులో హైడ్రైడ్ల వేడి మీద చాలా ఏళ్ళుగా పని జరిగింది. నాకు ఈ దారి మీద చాలా ఆశ ఉంది. రాయలసీమలో పుష్కలంగా దొరికేది ఎండే.

ఇంత పెద్ద సోలార్ పార్కులున్నాయి కదా, రాత్రి కరెంటుకు హైడ్రోజన్ వాడొచ్చా?

పాత కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. పాత అనంతపురం జిల్లాలో ఎన్.పి.కుంట ఉంది, తాడిపత్రి వైపు తలారిచెరువు ఉంది, రామగిరి కొండల మీద గాలిమరలున్నాయి. కాబట్టి అందరికీ వచ్చే ఆలోచనే ఇది.

లెక్క చూద్దాం. ఒక కిలో హైడ్రోజన్‌ను నీటి నుంచి తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. అందులో శక్తి 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ దానిలో సగాన్ని కరెంటుగా మారుస్తుంది. అంటే 50 యూనిట్లు పెడితే చేతికొచ్చేది 16, 17. లిథియం బ్యాటరీలో పెడితే 85 శాతానికి పైగా తిరిగొస్తుంది. పాణ్యం దగ్గర పిన్నాపురంలో చేపట్టిన 1,680 మెగావాట్ల ప్రాజెక్టు లాంటి పంప్డ్ స్టోరేజ్‌లో నీళ్ళను పైకి తోడి, కిందికి వదిలితే 75 నుంచి 80 శాతం వస్తుంది.

కాబట్టి పగటి ఎండను అదే రోజు రాత్రికి వాడుకోవడానికి హైడ్రోజన్ వద్దు. హైడ్రోజన్ మీద బతికే నేనే ఈ మాట చెబుతున్నాను. రోజుల తరబడి, వారాల తరబడి శక్తిని దాచాల్సిన చోట, లేదా ఎరువులకూ ఉక్కుకూ హైడ్రోజనే ముడిసరుకుగా కావాల్సిన చోట దాని అవసరం ఉంది. కదలకుండా ఒకేచోట ఉండే నిల్వ అయితే బరువు పట్టింపు కాదు. అక్కడ ఇనుము, టైటానియం మిశ్రలోహం లాంటి చవకైన హైడ్రైడ్లు బాగా నప్పుతాయి. దీన్ని 1974లోనే అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో వివరించారు. బరువు మేలు చేసే చోటు కూడా ఒకటుంది: జర్మనీ 212 తరగతి జలాంతర్గాములు ఫ్యూయల్ సెల్ కోసం హైడ్రోజన్‌ను లోహ హైడ్రైడ్ సిలిండర్లలోనే మోస్తాయి.

వాన లేని అనంతపురంలో నీళ్ళను హైడ్రోజన్‌గా మారుస్తారా?

కోపంగా అడిగేవాళ్ళున్నారు, ఆ కోపంలో న్యాయముంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా ఇది. కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్క ప్రకారమే తొమ్మిది లీటర్ల నీళ్ళు కావాలి. శుద్ధి చేయడంలో పోయేది, చల్లబరచడానికి పట్టేది కలిపితే ఇంకా ఎక్కువ. చిన్న నిల్వ వ్యవస్థలో ఫ్యూయల్ సెల్ నుంచి వచ్చే నీటిని పట్టి మళ్ళీ వాడుకోవచ్చు. కానీ హైడ్రోజన్‌ను బయటికి అమ్మే ఫ్యాక్టరీ పెడితే నీళ్ళు కూడా దాంతోపాటే ఊరు దాటిపోతాయి. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. ఇలాంటి ప్లాంటు మీ మండలానికి వస్తుందంటే ముందు అడగాల్సిన ప్రశ్న, నీళ్ళు ఏ కాలువవి, ఎవరి వాటావి అని.

అక్కా, మా పొలంలో మోటారుకు పనికొస్తుందా?

5 హెచ్‌పీ మోటారు తొమ్మిది గంటలు ఆడితే సుమారు 33 యూనిట్లు. ఒక కిలో హైడ్రోజన్‌లో ఉన్న శక్తి కూడా అంతే. కానీ ఫ్యూయల్ సెల్‌లో సగం పోతుంది కాబట్టి రెండు కిలోలు కావాలి. వాటిని తయారు చేయడానికి నూరు యూనిట్లకు పైగా కరెంటు. వద్దు నాయనా. పగలు సోలార్‌తో నేరుగా మోటారు ఆడించి, నీళ్ళను తొట్టిలోనో ఫారం పాండ్‌లోనో నిలవ చేసుకో. కరెంటును దాచడం కంటే నీళ్ళను దాచడం చవక.

పేలిపోదా?

హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా అంటుకుంటుంది. మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. ఆ జాగ్రత్త ఎప్పుడూ ఉండాలి. హైడ్రైడ్ ట్యాంకులో ఒక మేలుంది: చిల్లు పడి గ్యాస్ బయటికి వస్తుంటే లోహం చల్లబడుతుంది, చల్లబడేకొద్దీ వదలడం తగ్గుతుంది. 700 బార్ సిలిండర్‌లో ఆ బ్రేకు లేదు.

ప్రమాదం పొడిలో ఉంది. హైడ్రోజన్ తీసుకున్న లాంథనం-నికెల్ సుమారు పాతిక శాతం ఉబ్బుతుంది, మళ్ళీ కుంచించుకుంటుంది, చివరికి సన్నని పొడి అవుతుంది. ఆ పొడి గాలి తగిలితే అంటుకోవచ్చు. ట్యాంకు అడుగున గట్టిగా పేరుకుని గోడల్ని కూడా చీల్చవచ్చు. సంక్లిష్ట హైడ్రైడ్లలో కొన్ని నీటి చుక్క పడితే చాలు, మండుతాయి. యూట్యూబ్ చూసి ఇంట్లో ప్రయత్నం చేస్తామని అడిగే పిల్లలకు నా జవాబు ఒకటే: వద్దు. ల్యాబ్‌కు రండి, చూపిస్తాను.

హైడ్రైడ్ బ్యాటరీలు మార్కెట్లో ఉన్నాయా?

ఉన్నాయి, మీరు వాడే ఉంటారు. ఛార్జ్ చేసుకునే ఏఏ సెల్ మీద నికెల్ మెటల్ హైడ్రైడ్ అని ఉంటే అదే. 1.2 వోల్టులు ఇస్తుంది. ఛార్జ్ చేసేటప్పుడు సెల్ లోపలి నీటిలోని హైడ్రోజన్ మిశ్రలోహంలోకి పోతుంది, వాడేటప్పుడు తిరిగి వస్తుంది, గ్యాస్‌గా బయటపడకుండానే. 1989 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చింది. 1997లో వచ్చిన టయోటా ప్రియస్ హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుకు తోడుగా ఉన్నది ఈ బ్యాటరీయే. లిథియం అయాన్ తేలికగా ఉండి ఎక్కువ శక్తిని ఇవ్వడంతో ఫోన్లూ కార్లూ అటు మళ్ళాయి. 45 డిగ్రీల పైన ఛార్జ్ చేస్తే ఇది సరిగా నిండదు. మే నెలలో ఛార్జర్‌ను కిటికీ ఎండలో పెట్టకండి.

మరి లిథియం బ్యాటరీల్లో హైడ్రైడ్లకు పనేముంది?

రెండు దారులున్నాయి. ఒకటి, ఎలక్ట్రోడ్‌గా వాడటం. మెగ్నీషియం హైడ్రైడ్ లిథియంతో కలిసి మెగ్నీషియం, లిథియం హైడ్రైడ్‌గా మారుతుందని, దాన్ని ఆనోడ్‌గా (బ్యాటరీలోని రుణ ఎలక్ట్రోడ్‌గా) వాడవచ్చని 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. గ్రాముకు 2,038 మిల్లీ ఆంపియర్ గంటల సామర్థ్యం. ఇప్పుడు వాడే గ్రాఫైట్‌కు 372. ఆశ పుట్టించే అంకె, కానీ ఛార్జ్ చేస్తూ వాడుతూ పోతుంటే ఆ సామర్థ్యం త్వరగా పడిపోతుంది.

రెండోది ఘన ఎలక్ట్రోలైట్, నాకు ఇష్టమైంది. మామూలు లిథియం బ్యాటరీలో అయాన్లు ఒక ద్రవం గుండా ప్రయాణిస్తాయి, ఆ ద్రవం మండే గుణం ఉన్నది. దాని బదులు ఘనపదార్థం పెడితే ఆ భయం తగ్గుతుంది. 2007లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం వాళ్ళు లిథియం బోరోహైడ్రైడ్‌ను వేడి చేస్తూ పోతే 115 డిగ్రీల దగ్గర స్ఫటిక నిర్మాణం మారి, లిథియం అయాన్లు వెయ్యి రెట్లు సులువుగా కదులుతాయని చూపించారు. లిథియం అయోడైడ్ కలిపితే ఆ నిర్మాణం గది ఉష్ణోగ్రతలోనే నిలుస్తుంది. ఇక్కడ హైడ్రోజన్ బయటికి రాదు, రాకూడదు కూడా. బోరాన్ చుట్టూ ఉన్న హైడ్రోజన్ల గుంపు తిరుగుతూ ఉంటే, పక్కనున్న లోహ అయాన్‌కు దారి దొరుకుతుంది.

పది, పన్నెండు పరమాణువుల పంజరాల్లాంటి బోరాన్ హైడ్రైడ్లు ఇంకా బాగున్నాయి. వీటిలో సోడియం అయాన్ కూడా వేగంగా కదులుతుంది, కొన్నిటిలో గది ఉష్ణోగ్రతలోనే. మన దేశం లిథియంను బయటి నుంచే తెచ్చుకుంటోంది, సోడియం మాత్రం ఉప్పులో ఉంది. ఈ పదార్థాలు మెత్తన, చల్లగా నొక్కితేనే గట్టి బిళ్ళ అవుతాయి. తయారీ ఖర్చు మాత్రం ఇప్పటికీ చాలా ఎక్కువ. చవకగా చేసే దారి కనిపెట్టడమే ఇప్పుడు పెద్ద పని, అది అచ్చమైన రసాయన శాస్త్రం.

మా అమ్మాయి ఎం.ఎస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. ఈ రంగంలోకి రావాలంటే ఏం చేయాలి?

సీఎస్ఐఆర్ నెట్ గానీ గేట్ గానీ రాయించండి. ఫెలోషిప్ ఉంటే ఇంటి మీద భారం పడదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఓ.ఎన్. శ్రీవాస్తవ గారు దశాబ్దాల పాటు హైడ్రోజన్ మీద పనిచేసి, హైడ్రైడ్ ట్యాంకులతో బండ్లు నడిపి చూపించారు. హైదరాబాదులో ఏఆర్‌సీఐ, కారైకుడిలో సీఈసీఆర్ఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఉన్నాయి. దగ్గర్లో కావాలంటే కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో మెటీరియల్ సైన్స్, నానోటెక్నాలజీ విభాగం ఉంది. సిలబస్‌లో థర్మోడైనమిక్స్‌ను పరీక్ష కోసమని దాటేయవద్దని చెప్పండి. ఉష్ణోగ్రతతో పీడనం ఎలా మారుతుందో చెప్పే వాంట్ హాఫ్ సమీకరణాన్ని గ్రాఫ్ కాగితం మీద గీసి, వాలు నుంచి ఎంథాల్పీని (పైన చెప్పిన ఆ వేడిని) తీయడం వస్తే సగం పని వచ్చినట్టే. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ గ్రాఫ్ చదవడం నేర్చుకోమనండి. వేసవి సెలవుల్లో ఏదైనా ల్యాబ్‌లో ప్రాజెక్టుకు అడిగితే, మొదటి మెయిల్‌కు జవాబు రాకపోయినా ఇంకో రెండు పంపమనండి. మేము మెయిళ్ళు ఆలస్యంగానైనా చదువుతాం.